తేనెటీగలకు కబురు

జబేజ్‌ను చర్చి పక్కన పూడ్చిపెట్టి వచ్చిన రాత్రి, పక్కింటి డోర్కస్ అతని భార్య టామ్సిన్‌ను అడిగింది.

"తేనెటీగలకు కబురు చెప్పావా అక్కా? యజమాని పోయాడని చెప్పకపోతే అవి కూడా మనకు దక్కవు. మన డెవన్ పల్లెల్లో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది."

టామ్సిన్ లాంతరు పట్టుకుని తోటలోకి వెళ్ళింది. ఒక్కో తేనెటీగల పెట్టెనూ ఇంటి తాళంచెవితో మూడుసార్లు తట్టి, "మీ జబేజ్ పోయాడు. ఇక నా దగ్గరే ఉండండమ్మా" అంది. తట్టిన ప్రతి పెట్టెలోనూ సన్నగా ఝుంకారం లేచింది.

చివరి పెట్టె మాత్రం పలకలేదు. ఆమె వంగి చెవి ఆనించింది. లోపలినుంచి ఎవరో మెల్లగా మూడుసార్లు తట్టారు.

ఆమె లాంతరు కింద పెట్టింది. తడిగడ్డి మీద కూర్చుని, శాలువా తీసి పెట్టె చుట్టూ కప్పింది.

"చలేస్తోందా?" అంది.