ఏళుమలైకి తెలుగు రాదు

తిరుత్తణి డేరాలో సినిమా వదలంగానే సోడా అంగడి కాడ కానిస్టేబులు మునెయ్యను ఆపినాడు. "వీడెవడు?"

"మా మగ్గం కూలోడయ్యా, ఏళుమలై. అరవోడు, తెలుగు ఒక్క ముక్క రాదు."

ఏళుమలై పేరుతో తిరగతా ఉన్న వాసుదేవ తల దించుకున్నాడు. రైలుపట్టాలు పీకిన కేసులో పోలీసులు వెతికేది తననే. చీకట్లో ఎవరు చూస్తారని బామ్మర్ది మునెయ్య బలవంతాన లాక్కొచ్చినాడు. మునెయ్యకు సినిమా అంటే పిచ్చి, వాదన అంటే ఇంకా పిచ్చి.

"ఆట ఎట్లుంది?" అన్నాడు కానిస్టేబులు.

"మంత్రి కుట్ర చేసేది చూస్తే ఊపిరాడలేదయ్యా. కడాన చెడగొట్టినారు. గొర్రెలకాపరి వేషంలో దాక్కున్న యువరాజును, సొంత చెల్లెలే నలుగుర్లో 'అన్నా' అని పిలిచి పట్టించేదేంది?"

"నాకు అదే నచ్చింది. అలవాటైన పిలుపు నాలిక మీద నుంచి యాడికి పోతాది?"

మునెయ్యకు రోషం పొడుచుకొచ్చింది.

"పోండయ్యా! ప్రాణం మీదికొచ్చినప్పుడు అంత ఒళ్ళు తెలీకుండా ఎవరన్నా పిలస్తారా? నువ్వైనా చెప్పు బావా!"

కానిస్టేబులు సోడా బుడ్డి కింద పెట్టి, వాసుదేవ భుజం మీద చెయ్యేసినాడు.

"చెప్పు బావా. నీ బామ్మర్ది అడగతా ఉండాడు కదా."