తడిగుడ్డకు లోపలివైపు

నా బాబు ఊపిరి ఆగిపోతుందేమోనన్నదే నాకు అన్నిటికంటే పెద్ద భయం. రాత్రయితే పట్టాల అవతలి ఫ్యాక్టరీ పొగ కొత్తవలసలోని మా వరస ఇళ్ల మీదికి దిగుతుంది. అందుకే దీపాలు పెట్టే వేళకి అందరం పాత పొందూరు పంచెలు తడిపి కిటికీలకు కడతాం. తెల్లారేసరికి అవి బయటివైపు నల్లబడి ఉంటాయి.

ఈ రాత్రి మసి లోపలివైపు ఉంది. పసిబిడ్డ నోరంత గుండ్రటి మచ్చ.

గోడ అవతల ఒంటరిగా ఉండే లీలారాణి పిన్ని దగ్గుతూనే కేకేసింది. "ఒసే షాలినీ, గుడ్డ తడిపినావా?"

"తడిపినాను పిన్నీ. లోపలేపు మసేటి?"

"నా గుడ్డకీ ఉన్నాది, సిన్న నోరులాగ. నీ గుంటడొచ్చి ఊదినాడేటే?" అని నవ్వింది.

బాబు నా ఒళ్లోనే నిద్రపోతున్నాడు. నేను చూస్తుండగానే గుడ్డ మీద రెండో మచ్చ మెల్లగా తేలింది.

పిన్ని నవ్వు ఆగింది. రోజూ తెల్లవార్లూ వినబడే ఆ దగ్గు కూడా ఆగింది. ఎంత పిలిచినా పలకడం లేదు. వెళ్దామని తలుపు తీస్తే పొగంతా బాబు మీదికి వస్తుంది.

మీరు మా వీధివాళ్లయితే, మూతికి తడిగుడ్డ కట్టుకుని వెళ్లి పిన్ని తలుపు ఒక్కసారి తట్టి చూడండి.