ఎదురు కిటికీలో ముఖం

పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి ఎదురు కిటికీ కనిపించలేదు.

దాని స్థానంలో తెల్లటి గుడ్డగోడ. వీధి మధ్యలో, ఈ చివర నుంచి ఆ చివరదాకా, మునిసిపాలిటీవాళ్లు టెంటు వేసేశారు.

ఎర్రబోర్డు గుండె జారిపోయింది.

ఎర్రబోర్డు అంటే మనిషే. కొట్టు మీద ఎర్రటి బోర్డుంది కాబట్టి ఊరు అతనికి ఆ పేరే ఖాయం చేసింది. ఎదురుకొట్టు బావమరిది పచ్చబోర్డు. ఇద్దరూ అమ్మేది ఒకటే. మాంసం, వేయించిన ఉల్లిపాయలు కూరి, వేడి టమాటా సాసులో నిండా ముంచి ఇచ్చే సాండ్విచ్. జనం ముద్దుగా 'మునక' అంటారు. ఊరికి పేరు తెచ్చింది అదే. రెండు బోర్డుల మీదా 'అసలు మునక' అనే ఉంటుంది. తండ్రులిద్దరూ ఒకే పొయ్యి దగ్గర పనిచేసి, వియ్యమంది, ఆ తర్వాత విడిపోయారు. అప్పటి నుంచీ ఆ 'అసలు' మీదే తగువు.

ఇవాళ అది తేలిపోతుంది. మునిసిపాలిటీ వేసిన కమిటీవాళ్లు ఆ టెంటులో కూర్చుని, రెండూ తిని, తీర్పు చెప్తారు. ఓడినవాడు బోర్డు మీంచి 'అసలు' చెరిపేసుకోవాలి.

తన బోర్డు మీద ఆ మాట నాన్న నిచ్చెనెక్కి సొంత చేత్తో రాసింది.

"సాసు దించేయమంటారా అయ్యా?" లోపలి నుంచి వంటమనిషి కేక.

"ఉండవయ్యా!"

గరిట ముంచి నాలుక మీద ఒక బొట్టు వేసుకున్నాడు ఎర్రబోర్డు. వేడి తెలిసింది. అంతే.

పోయినేడు ఊరంతటినీ మంచాన పడేసిన జ్వరం అతని నాలుకని పట్టుకుపోయింది. జ్వరం తగ్గింది గానీ రుచి తిరిగి రాలేదు. ఉప్పు లేదు, పులుపు లేదు. ఏం తిన్నా తడిసిన అట్టముక్కే.

ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్తాడు? ఆ వంటింట్లో కొలతగ్లాసనేదే లేదు. టమాటా రోజుకో రకంగా ఉంటుంది, రోజూ నాలుకతోనే సరిచూడాలని నాన్న శాసనం. 'మా నాలుకే మా కొలత' అని బోర్డు కింద రాసి మరీ పోయాడు మహానుభావుడు.

పోనీ ఇంకెవరినైనా అడుగుదామా అంటే, వంటమనిషికి యజమాని ఏం చేసినా అమృతమే. భార్యని అడగడం ఇంకా దండగ.

"మీదీ బాగుంది, మా అన్నయ్యదీ బాగుంది. నన్నీ గొడవలోకి లాగకండి" అంటుంది, గరిట వంక చూడకుండానే.

మరి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చాడు?

శత్రువు పుణ్యాన.

రెండు కొట్ల మధ్య తండ్రుల కాలం నుంచీ ఒక రివాజుంది. పొద్దున చేసిన మొదటి మునక అవతలి కొట్టుకి వెళ్తుంది. ఎవరి కిటికీలో వాళ్లు నిలబడి, అవతలివాడు చూస్తుండగా కొరికి, మూతి తిప్పాలి. ఒకరినొకరు ఉడికించడానికి పెట్టుకున్న రివాజే అయినా ఎర్రబోర్డు పరువు దానిమీదే నిలబడింది. పచ్చబోర్డు కొరికి ముఖం మాడ్చుకున్నాడా, సాసు కుదిరినట్టే. కుళ్లుకుంటున్నాడన్నమాట. పళ్లికిలించాడా, ఎక్కడో తేడా కొట్టింది. వెంటనే కాస్త ఉప్పో పంచదారో తగిలించి మరో ముక్క పంపేవాడు, ఆ ముఖం మాడేదాకా.

పెళ్లాం మొహమాటపడొచ్చు. పనివాడు భయపడొచ్చు. పగవాడికి ఆ రెండూ ఉండవు.

తన వంతు కూడా తప్పకుండా నడిపేవాడు. పచ్చబోర్డు పంపిన మునక కొరికి, అట్టముక్క నములుతూనే ఒకరోజు ముఖం మాడ్చుకునేవాడు, ఒకరోజు పగలబడి నవ్వేవాడు. ఎవరికీ అనుమానం రాకూడదు కదా.

విచిత్రమేమిటంటే, ఈమధ్య రెండు కొట్ల ముందూ జనం ఇంకా పెరిగారు. "తాతలనాటి రుచి మళ్లీ వచ్చిందిరా!" అని రెండు పక్షాలవాళ్లూ ఒట్టేసి మరీ కొట్టుకుంటున్నారు.

"కమిటీవాళ్లు కార్లు దిగుతున్నారయ్యా!" అన్నాడు వంటమనిషి.

ఎర్రబోర్డు టెంటు కట్టినవాడి దగ్గరికి పరుగెత్తాడు. "బాబ్బాబు, ఈ గుడ్డ కాస్త పైకి కట్టు. నీకు పుణ్యముంటుంది."

"కుదరదండీ. మీరిద్దరూ ముఖాలు చూసుకుంటే కొట్టుకుంటారని పెద్దసారు ఆర్డరు. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు దాటడానిక్కూడా లేదు."

వెనక్కి వచ్చాడు. ఉప్పుగిన్నె చేతిలోకి తీసుకున్నాడు. కింద పెట్టాడు. మళ్లీ తీసుకున్నాడు. వేస్తే ఎక్కువైపోతుందేమో. వేయకపోతే చప్పబడిపోతుందేమో.

"ఏమిటండీ ఆ చెమటలు? రోజూ చేసేదేగా!" అంది భార్య.

"రోజూ చేసేదే" అన్నాడు నీరసంగా.

ఇక ఆగలేకపోయాడు. ఒక మునక ప్లేటులో పెట్టుకుని, టెంటువాడు అటు తిరగ్గానే గుడ్డ కిందనుంచి వంగి లోపలికి దూరాడు. పరువు పోతే పోయింది. బావమరిది గడ్డం పట్టుకుని బతిమాలైనా సరే, వాడిచేత ఒక్క ముక్క కొరికించాలి. వాడి ముఖం చూడాలి.

కమిటీవాళ్లింకా రాలేదు, లోపల అన్నీ ఖాళీ కుర్చీలు. అవతలివైపు గుడ్డ కదిలింది. దాని కిందనుంచి ఒక బట్టతల, ఆ వెనకే మనిషి లేచాడు. పచ్చబోర్డు. చేతిలో ప్లేటు. ప్లేటులో మునక. నుదుటి నిండా చెమట.

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

పచ్చబోర్డు అటూ ఇటూ చూసి, ప్లేటు ముందుకు చాపి, గొంతు తగ్గించి అన్నాడు.

"బావా, నీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్క ముక్క కొరికి ముఖం పెట్టు... ఆ పాడు జ్వరం తగిలినప్పటి నుంచీ నీ ముఖం చూసే ఉప్పేస్తున్నాను!"