గూటికి ఏం పరుద్దాం?

గూడు గోడకు పడ్డ సందులు పూడ్చాలి. నీళ్ల మూకుడు ఇటుకల మీదికి ఎక్కించాలి. కోళ్లు పడుకునే కర్రను గాలి తగలని వైపు జరపాలి. అన్నిటికంటే ముందు, ఈ చలికాలానికి గూట్లో కింద ఏం పరచాలో తేల్చాలి.

ఇవన్నీ ఆమె మంచం మీద నుంచే పురమాయించింది. వానల్లో మెట్ల మీద జారి తుంటి విరిగినప్పటి నుంచి ఆమెకు ఆ మంచమే లోకం. గూడు పెరట్లో ఉంది. ఆ గదిలోంచి కనపడదు.

భర్త తాపీమేస్త్రీ. పళ్లెంలో మూడు కుప్పలు పోసి తెచ్చాడు: ఎండుగడ్డి, ఊక, వడ్రంగి దగ్గర దొరికిన చెక్కపొట్టు.

ఆమె గడ్డి నలిపి వాసన చూసింది.

"ముక్కిపోయింది. దీని మీద పడుకుంటే అన్నీ దగ్గుతాయి."

"కోళ్ల దగ్గు కూడా నీకు తెలుసా?"

"ఇన్నేళ్లు మీ గురక విన్నదాన్ని, కోళ్ల దగ్గు తెలియదా?"

ఊక వద్దంది. కాళ్లతో కెలికి ఒక్క పూటలో మూలకు నెట్టేస్తాయట. చెక్కపొట్టు గుప్పిట బిగించి వదిలింది. ఉండ కట్టలేదు. బాగుందంటూనే, వాసన ఘాటుగా ఉందని, వేరే కలపది తెమ్మంది.

"పెళ్లిచూపుల్లో కూడా నువ్వింత వెతకలేదు."

"అందుకేగా ఇప్పుడు జాగ్రత్తపడుతున్నాను."

అతను నవ్వాడు. గుమ్మం దగ్గర ఆగి, ఈమధ్య కోళ్లు పెద్దగా అరవడం లేదని గొణిగాడు.

"చలికి నోరు మూసుకుంటాయిలెండి. గుడ్లు కూడా మానేస్తాయి," అని ఆమే అందించింది. మేస్త్రీ గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

వంటింట్లో కూతురు అడ్డుపడింది. నిజం చెప్పేయమని ఎప్పటి నుంచో పోరుతోంది. అమ్మ పడిన రోజు, కంగారులో ఆమెను బండెక్కించి ఆసుపత్రికి పరుగెత్తిన మేస్త్రీ, గూటికి గడియ పెట్టడం మరిచాడు. తిరిగొచ్చేసరికి కుక్కలు ఈకలు మాత్రమే మిగిల్చాయి. పిల్లలుగా ఉన్నప్పటి నుంచి ఆమె చేతుల మీద పెరిగిన కోళ్లు. ఆ ఈకలన్నీ ఏరి పూడ్చింది అతనే.

"లేచి నాలుగడుగులు వెయ్యనీ తల్లీ. ఇప్పుడు చెబితే తన వల్లే పోయాయని కుమిలిపోతుంది," అని సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి తెచ్చిన పొట్టు ఆమెకు నచ్చింది. జానెడు మందాన పరచమంది. మూలలు వదలొద్దంది.

వంటింటి కిటికీలోంచి కూతురు చూసింది. నాన్న ఖాళీ గూట్లో మోకాళ్ల మీద కూర్చుని, గోడకు పూత పూసినంత శ్రద్ధగా అరచేత్తో పొట్టు సర్దుతున్నాడు. మధ్యలో ఆగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఇక చూడలేక, అమ్మ గదిలోకి వచ్చింది.

"ఎందుకమ్మా నాన్నని అన్నిసార్లు తిప్పుతావు?"

ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఊరికే కూర్చుంటే మనిషి లోలోపలే కుంగిపోతున్నాడే. రేపు ఎండుటాకులు కూడా తెమ్మంటాను."

కూతురు మంచం పట్టె మీద కూలబడింది. ఆమె కూతురి చెయ్యి పట్టుకుంది.

"గూడు ఖాళీ అని నాకు తెలుసని మాత్రం ఆయనకు చెప్పకు."