నొప్పికి రిహార్సల్

"అలా కాదమ్మా! నొప్పంటే అలా ఉండదు," అన్నాడు భూషణం మాస్టారు విసుగ్గా.

హర్షిణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పిల్లకి పదకొండో ఏట నుంచీ కీళ్ళవాతం. మోకాళ్ళూ, మణికట్లూ, వేళ్ళ కణుపులూ వాచిపోయి, పదిహేనేళ్ళొచ్చినా పొద్దున్నపూట జడ వాళ్ళమ్మే వెయ్యాలి. అలాంటి పిల్లకి నొప్పంటే ఏమిటో నేర్పమని వీధి చివరి నాటకాలాయన్ని పిలిపించాడు తండ్రి చలపతిరావు!

ఆయన బాధ ఆయనది. మార్చిలో పదో తరగతి పరీక్షలు. అర్ధసంవత్సరం పరీక్షల్లో వేళ్ళు బిగుసుకుపోయి ప్రతి పేపర్లోనూ చివరి రెండు ప్రశ్నలు వదిలేసింది పిల్ల. బందరు మెడికల్ బోర్డు కాగితం ఇస్తే పరీక్షలో అరగంట ఎక్కువిస్తారు. లేకపోతే క్లాసు ఫస్టు పిల్ల అత్తెసరు మార్కులతో బయటపడాల్సిందే. బోర్డేమో మధ్యాహ్నం మూడింటికి కూర్చుంటుంది. ఈ పాడురోగమేమో పొద్దున్న ప్రాణం తీసి, మధ్యాహ్నానికి కాస్త పట్టు వదులుతుంది. తమ ఊరు పామిడిముక్కల నుంచి పడుతూ లేస్తూ రెండుసార్లు వెళ్తే, రెండుసార్లూ "పిల్ల బానే నడుస్తోంది కదండీ" అని పంపేశారు. నాలుగేళ్ళు ఓర్చుకుని ఓర్చుకుని, మొహంలో నొప్పి కనపడనివ్వడం మర్చిపోయింది హర్షిణి.

"మూతి వంకర తిప్పితే ఎవడు నమ్ముతాడు? ఇలా చూడు," అని మాస్టారు కుర్చీలోంచి లేచి చూపించాడు.

కుర్చీ చేతుల మీద అరచేతులు కాదు, మోచేతులు ఆనించాడు. సగం లేచి ఆగాడు. ఊపిరి బిగబట్టి మిగతా సగం లేచాడు. వెంటనే అడుగెయ్యలేదు. మోకాళ్ళని బతిమాలుకుంటున్నట్టు కాసేపు నిలబడి, అప్పుడు కదిలాడు. హర్షిణి నోరు తెరుచుకుని చూసింది. రోజూ తెల్లారగట్ల ఎవరూ చూడకుండా తను లేచేది అచ్చం అలాగే. ఎలా కనిపెట్టాడో మహానుభావుడు! నటనంటే ఇదే కాబోలు అనుకుంది.

చలపతిరావు చప్పట్లు కొట్టాడు. "ఊరికే వచ్చిందా పేరు!"

నిజమే. పద్దెనిమిదేళ్ళకే ముసలి వేషం కట్టి జనాన్ని ఏడిపించిన మనిషి. చుట్టుపక్కల ఎక్కడ నాటకమాడినా ముసలాడి వేషం ఆయనకే. 'ముసలి భూషణం' అంటే తెలియనివాళ్ళు లేరు. అదే మనిషి వేషం తీసేసి బజార్లోకి వస్తే కర్ర మింగినట్టు నిటారుగా నడిచేవాడు. ఏం విద్యరా నాయనా అని ఊరంతా ముక్కున వేలేసుకునేది.

పన్నెండు రోజులు సాగింది చదువు. "కాస్త పొద్దున్నే రండి మాస్టారూ, పిల్ల స్కూలు పోతోంది," అని చలపతిరావు మొత్తుకున్నా, "కళాకారులమండీ, తెల్లారి లేవలేం," అని పది దాటాకే వచ్చేవాడు. వచ్చి మూడు రకాల "అబ్బా" నేర్పాడు. కూర్చునేటప్పుడొకటి, లేచేటప్పుడొకటి, డాక్టరు చెయ్యి పట్టుకుంటే ఒకటి.

బోర్డు రోజున బందరు ఆసుపత్రి వరండా అంతా కుంటేవాళ్ళే. వెంట వచ్చిన మాస్టారు నాటకపోటీలకి జడ్జిగా వచ్చినట్టు కూర్చున్నాడు.

"ఆ గళ్ళ లుంగీ ఆయన్ని చూడండి. వచ్చేటప్పుడు కుడికాలు కుంటాడు, టీ తాగొచ్చి ఎడమకాలు కుంటున్నాడు. రిహార్సల్ లేకపోతే అంతే!"

"మన పిల్లకి ఆ భయం లేదులెండి," అన్నాడు చలపతిరావు ధీమాగా.

లోపలికెళ్ళగానే హర్షిణికి నేర్చుకున్న పాఠమంతా కలగాపులగమైపోయింది. డాక్టరు చెయ్యి చాపాడో లేదో, "అబ్బా!" అనేసింది.

"నేనింకా ముట్టుకోలేదమ్మా," అన్నాడు డాక్టరు.

కంగారులో, లేచేటప్పుడు అనాల్సిన రెండో రకం కూడా కూర్చునే అనేసింది. డాక్టరు కళ్ళజోడు తీశాడు. "ఎవరు నేర్పారు?"

చలపతిరావు నోట అబద్ధం రాదు. పేరు చెప్పేశాడు.

"పిలవండి ఆ నటశేఖరుణ్ణి!"

హర్షిణికి దుఃఖం పొంగుకొచ్చింది. ఉన్న నొప్పిని కూడా చూపించుకోలేని తన బతుకు మీద తనకే రోత పుట్టింది. ఇక పరీక్షలో ఆ అరగంట పోయినట్టే.

మాస్టారు చేతులు జోడించుకుని వచ్చాడు. "పాఠం నాదండీ. రోగం మాత్రం ఆ తల్లిదే. ఒక్కసారి పొద్దున్నపూట చూడండి బాబూ. పిడికిలి ముడవమనండి. చెంబు ఎత్తమనండి. పరీక్ష పెట్టేది పొద్దున కదండీ, మూడింటికి కాదు కదా!"

డాక్టరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "రేపు ఏడింటికి నా డ్యూటీ. తీసుకురండి," అన్నాడు. మాస్టారి వైపు చూసి, "ఈయన్ని మాత్రం తేకండి," అని కూడా అన్నాడు.

ఆ పూటకి చుట్టాలింట్లో దిగారు. మాస్టారు మాత్రం ఎంత చెప్పినా వినక లాడ్జిలో ఒక్కడే గది తీసుకున్నాడు.

పొద్దున్న ఏడింటికి డాక్టరు పెన్ను చేతికిచ్చాడు. "నీ పేరు రాయమ్మా." మొదటి అక్షరం వంకర్లు పోయింది. రెండోది మొదలుపెట్టేలోగా పెన్ను జారి కింద పడింది. హర్షిణి "అబ్బా" అనలేదు. నేర్చుకున్నదేదీ గుర్తు రాలేదు. డాక్టరే వంగి ఆ పెన్ను తీసి, దాంతోనే సంతకం పెట్టాడు.

కాగితం పట్టుకుని తండ్రీకూతుళ్ళు లాడ్జికి వచ్చారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. హర్షిణి తోసేసి, "మాస్టారూ, ఇచ్చేశారు!" అని అరిచింది.

మాస్టారి మొహం వెలిగిపోయింది. మంచం మీంచి లేవబోయి సగంలో ఆగిపోయాడు. ఊపిరి బిగబట్టాడు. గోడ పట్టుకున్నాడు.

హర్షిణి పకపకా నవ్వింది. "ఇంక నటించక్కర్లేదు మాస్టారూ, పనైపోయింది!"

మాస్టారూ నవ్వాడు.

"నేను నటించేది నిటారుగా నడిచేటప్పుడు తల్లీ."