ఒక్క శాతం

తప్పిపోయిన ఆడగుర్రాన్ని వెతుకుతూ కనుమ ఎక్కిన ఎసెన్‌కుల్‌ని చీకటిపడేసరికి మంచు కమ్మేసింది. బండరాయి చాటున కూలబడి ఫోన్ తీశాడు. చార్జింగ్ పద్దెనిమిది శాతం చూపిస్తోంది.

ఆ అంకెను నమ్మడానికి లేదు. రోజూ ఫోన్ పూర్తిగా ఆరిపోయాకే చార్జింగ్ పెట్టడం అతని అలవాటు. "ఇరవైకి దిగగానే పెట్టెయ్యన్నా. ఇట్లా అయితే బ్యాటరీ చచ్చిపోద్ది, చలిలో అస్సలు నిలవదు" అని నరిన్ పట్నం బజారులో ఫోన్ల రిపేరు కుర్రాడు చెబితే నవ్వేశాడు.

భార్య సల్కిన్‌కు ఫోన్ చేశాడు. "దారి తప్పాను. పొద్దున్నే మీ అన్నని పంపించవే."

సల్కిన్ కిలకిలా నవ్వింది. "చాల్లే నీ వేళాకోళం! గుమ్మంలో నిలబడి ఫోనేంటయ్యా? నిన్ను చూసి కుక్క కూడా మొరగడం మానేసింది. ఉండు, పిల్లాడికి పాలిచ్చి వచ్చి తీస్తా."

ఆమె మాటల వెనక ఎవరో తలుపు కొడుతున్నారు. "సల్కిన్, తలుపు తియ్యవే" అంటున్నారు. అది తన గొంతే.

"తియ్యకు! అది నేను కాదు..."

పదిహేను శాతం మీద ఫోన్ ఆరిపోయింది.

దాన్ని చొక్కాలోకి తోసి గుండెకు అదుముకున్నాడు. నోటి ఆవిరి పట్టాడు. ఏడ్చాడు. "ఒక్కసారి, ఒక్కసారి లేవవే తల్లీ" అని బతిమాలాడు. ఎంతసేపటికో తెర వెలిగింది. ఒక్క శాతం.

మళ్లీ సల్కిన్‌కే కలిపాడు. చాలాసేపు మోగాక అవతల ఎత్తారు. దగ్గర్లోనే పసివాడు కేరింతలు కొడుతున్నాడు.

"ఎసెన్‌కుల్‌ని మాట్లాడుతున్నా" అంది అవతలి నుంచి అతని గొంతే, నింపాదిగా. "ఎవరు కావాలి?"