ధ్రువశాంతి

ఈ రోజుల్లో శనిదోషాన్ని పట్టించుకునే నాథుడు లేడు, ఉన్నదంతా ధ్రువదోషమే. చైత్రంలో వడగళ్లు పడినా, కార్తీకంలో రోళ్లు పగిలే ఎండ కాసినా, ఉత్తర ధ్రువాన మంచు కరిగి గాలి దారి తప్పిందని టీవీ పంతుళ్లు చెబుతారు. అందులో అబద్ధం లేదని చేపలమ్ముకునే నూకరత్నానికీ తెలుసు. ఆమెకు ఒళ్లు మండేది వాళ్లు కనిపెట్టిన విరుగుడు చూసే.

ఆ కార్తీకపు ఎండలో గంప నెత్తిన పెట్టుకుని ఐసు ఫ్యాక్టరీకి వెళ్తే, మేనేజరు చేతులెత్తేశాడు.

"దిమ్మలన్నీ ధ్రువశాంతికి కొనేశారు. రేపు రా."

"రేపటిదాకా నా చేపలు ఆగుతాయేటండీ?"

ఫ్యాక్టరీ ఎదురుగానే సముద్రపు ఒడ్డున పట్టుబట్టల జనం ఐసు దిమ్మలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఉత్తర ధ్రువానికి చేరమని దండాలు పెడుతూ సముద్రంలోకి తోస్తున్నారు. వెనక ఫ్యాక్టరీ జనరేటరు నల్లటి పొగ కక్కుతోంది. తాము తిరిగొచ్చేసరికి లోపల ఏసీకి చల్లగా ఉండాలని కార్లన్నీ ఇంజిన్లు ఆపకుండా నిలబెట్టారు.

అప్పుడే కారు దిగిన ఒకావిడ ముక్కు మూసుకుంది. "ఆ గంప దూరంగా పెట్టమ్మా, కంపు. మీలాంటివాళ్ల కోసమే కదా ఇదంతా చేస్తున్నాం."

నూకరత్నం ఆవిడను ఎగాదిగా చూసింది. తిన్నగా వెళ్లి ఆవిడ కారు తలుపు తీసి, నీళ్లోడుతున్న గంపను తెల్లటి సీటు మీద పెట్టి, తలుపు వేసింది.

"ఊరు మొత్తానికి చల్లటి చోటు ఇదొక్కటే మిగిలిందమ్మా. మాకోసమేనంటన్నారు గదా. శాంతి తాపీగా చేసుకోండి. బేరగాడొచ్చేదాకా ఇంజిను మాత్రం ఆపకండి."